జాంబీలకు ఇంత క్రేజ్ ఎందుకు? కారణం దగ్గరే ఆగిపోయాను

వచ్చే సోమవారం ఒంగోలులో మా డిగ్రీ కాలేజీ సెమినార్. నేను పది నిమిషాలు మాట్లాడాలి. అంశం: జాంబీలు జనంలోకి ఇంతగా ఎలా వెళ్లాయి?

చరిత్ర వరకు ఇబ్బంది లేదు. హైతీ బానిసల నమ్మకాల్లోంచి వచ్చిన జాంబీ ఎవరినీ కొరికేది కాదు. మంత్రగాడి కింద చాకిరీ చేసే శవం, అంతే. 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సినిమా దాన్ని మనిషి మాంసం తినే గుంపుగా మార్చింది. టైటిల్ మార్చినప్పుడు కాపీరైట్ నోటీసు ఎగిరిపోవడంతో ఆ సినిమా అందరి సొత్తయింది. తర్వాత 1996లో 'రెసిడెంట్ ఈవిల్' గేమ్, 2002లో '28 డేస్ లేటర్' సినిమా, 2010లో 'ది వాకింగ్ డెడ్' టీవీ సిరీస్. 2021లో మనకీ 'జాంబీ రెడ్డి' వచ్చింది.

చిక్కల్లా కారణం దగ్గరే. హక్కుల గొడవ లేదు, ఖర్చు తక్కువ అని రాస్తే, "అది తీసేవాళ్ల లాభం, చూసేవాళ్లకేంటి?" అన్నారు సార్. అంటురోగాల భయం అని మార్చాను. కరోనాకు చాలా ముందే ఈ ఊపు మొదలైందిగా అని అదీ కొట్టేశారు, న్యాయమే. పైగా మా లాయర్‌పేట పిల్లలు ఒక కాలు ఈడుస్తూ, చేతులు చాచి, "కరిచేశా, ఇక నువ్వూ జాంబీవే" అని పగలబడి నవ్వుతున్నారు. భయం ఊసే లేదు. కొరివిదెయ్యం ఆట మాత్రం ఎవరూ ఆడరు!

1968 నుంచీ ఉన్న ఈ గుంపు 2000 తర్వాతే ఇంటింటికీ చేరడానికి, చూసేవాళ్ల వైపు నుంచి అసలు కారణం ఏమిటంటారు?