సాచురేషన్ 98, లాక్టేట్ 4.1: నిర్స్ అంకెను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (ఐసీయూ నర్సు):
అందరికీ నమస్కారం. మా యూనిట్‌కి ఈమధ్యే నిర్స్ మానిటర్ (కాంతితో కణజాలంలోని ఆక్సిజన్ చూసేది) వచ్చింది. నిన్న రాత్రి నా బెడ్‌లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్ ఉన్నారు. వెంటిలేటర్ మీద ఉన్నారు, బీపీ నిలబెట్టడానికి నార్అడ్రినలిన్ నడుస్తోంది. వేలి సాచురేషన్ 98, మీన్ (సగటు) బీపీ 68. అరచేతిలో బొటనవేలి కింద కండ మీద అంటించిన నిర్స్ 81 చూపిస్తోంది. అన్నీ బాగున్నట్టే కదా? కానీ లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) 4.1 వచ్చింది, మోకాళ్ల మీద చర్మం మచ్చలు మచ్చలుగా కనిపించింది. దేన్ని నమ్మాలో తెలియక తెల్లవారేదాకా టెన్షన్ పడ్డాను. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (క్రిటికల్ కేర్ డాక్టర్):
మోకాళ్లను గమనించారు చూడండి, అక్కడే సగం పని అయింది.

వేలి సాచురేషన్ చెప్పేది ఒక్కటే: ధమని రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందని. హిమోగ్లోబిన్ ఎంతుందో, రక్తం ఎంత పారుతోందో దానికి తెలియదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. అంటే హిమోగ్లోబిన్ 14 నుంచి 7కి పడిపోతే రక్తం మోసే ఆక్సిజన్ సగమైపోతుంది, తెర మీద మాత్రం అదే 98 ఉంటుంది. చెరువు నిండుగా ఉన్నంత మాత్రాన కాలువ చివరి మడి తడిసినట్టు కాదు.

ఆ చివరి మడి దగ్గర చూద్దామనే నిర్స్ పెడతాం. 700 నుంచి 1000 నానోమీటర్ల మధ్య కాంతి చర్మాన్ని, ఎముకను దాటి కొన్ని సెంటీమీటర్ల లోపలికి వెళ్తుంది. ఈ కాంతితో కణజాలంలో ఆక్సిజన్‌ను బయట నుంచే గమనించవచ్చని ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త 1977లో చూపించారు. పల్స్ ఆక్సీమీటర్‌కి నాడి కొట్టుకోవాలి, దీనికి అక్కర్లేదు. కాంతి పడిన చోట చిన్న ధమనులు, కేశనాళికలు, సిరలు అన్నింటి రక్తాన్నీ కలిపి చదువుతుంది. అందులో ఎక్కువ భాగం సిరల రక్తమే. అంటే కణాలు వాడుకోగా మిగిలిందెంతో మనకు చూపిస్తోందన్నమాట.

మీ సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. రక్తస్రావం వల్ల వచ్చిన షాక్‌లో కండకు పారే రక్తం తగ్గుతుంది, కణాలు ఉన్నదంతా పీల్చుకుంటాయి, నిర్స్ పడిపోతుంది. లెక్క సూటిగా ఉంటుంది. సెప్సిస్‌లో అలా కాదు. కొన్ని కేశనాళికలు మూసుకుపోతాయి, పక్క దారుల్లో రక్తం కణాలను తాకకుండానే దాటిపోతుంది, కణాలు కూడా ఆక్సిజన్‌ను సరిగ్గా వాడుకోలేవు. కొన్ని మడులు ఎండిపోతుంటే నీళ్లు పక్క నుంచి మురుగుకాలువలోకి పోయినట్టు. ఆ మురుగుకాలువ నిండుగానే కనిపిస్తుంది. అందుకే సెప్సిస్‌లో 81 చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. తక్కువ వస్తే కచ్చితంగా పట్టించుకోవాలి, మామూలుగా వస్తే మాత్రం అది భరోసా కాదు.

ఈ లోటు తీర్చడానికే చేతికి కఫ్ కట్టి పరీక్ష చేస్తారు. సిస్టాలిక్ (పై బీపీ) కంటే ఎక్కువ ఒత్తిడితో మూడు నిమిషాలు గానీ, నిర్స్ 40కి దిగేదాకా గానీ ఉంచి వదిలేస్తారు. అంకె ఎంత వేగంగా పైకి లేచిందో చూస్తారు. సెప్సిస్‌లో నెమ్మదిగా లేస్తుంది. డాక్టర్ చెప్పకుండా మీ అంతట మీరు చేయకండి, ఫిస్టులా (డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి అసలే వద్దు.

లాక్టేట్ కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. అడ్రినలిన్ ఇస్తే పెరుగుతుంది, కాలేయం నీరసిస్తే తగ్గడానికి ఆలస్యమవుతుంది. అందుకే నేను ముందు వేలి కొన చూస్తాను. గాజు స్లైడ్‌తో వేలి కొనను తెల్లబడేలా నొక్కి 10 సెకన్లు ఉంచండి. వదిలాక రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే మంచిది కాదు. 2019లో వచ్చిన ఆండ్రోమెడా షాక్ అధ్యయనంలో 424 మంది సెప్టిక్ షాక్ పేషెంట్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఈ పరీక్ష ఆధారంగా, ఇంకో గుంపుకు లాక్టేట్ ఆధారంగా చికిత్స చేశారు. 28 రోజుల్లో మరణాలు వరుసగా 34.9 శాతం, 43.4 శాతం. తేడా గణాంకపరంగా తేలలేదు. అయినా పైసా ఖర్చు లేని పరీక్ష లాక్టేట్‌కు తీసిపోలేదంటే నాకు అది చాలా పెద్ద విషయం.

జవాబు (సీనియర్ నర్సు):
ప్యాడ్ గురించి నేను చెప్తానమ్మా. వాపు ఉన్నచోట, వెంట్రుకల మీద, పచ్చబొట్టు మీద అంటించొద్దు. బయటి వెలుతురు పడకుండా కప్పు. కామెర్లున్నవాళ్లలో అంకె తక్కువగా రావచ్చు. అంటించగానే మొదటి అంకె, చోటు చార్ట్‌లో రాసిపెట్టు. చోటు మారిస్తే పాత అంకెతో పోల్చకు. ప్యాడ్ కింద చర్మం ఒరుసుకుపోతుందేమో కూడా చూస్తూ ఉండాలి.

మెదడును చూడటానికి నుదుటి మీద పెట్టినప్పుడు మొదటి అంకె నుంచి 20 శాతం తగ్గినా, 50 కంటే దిగినా వెంటనే పిలవాలి. ఈలోపు మెడ పక్కకు వంగిందేమో, బీపీ పడిందేమో చూడు. వెంటిలేటర్ ఎక్కువ కొట్టి కార్బన్ డయాక్సైడ్ తగ్గినా మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, అప్పుడూ అంకె పడుతుంది.

ఇంకో మాట. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో పల్స్ ఆక్సీమీటర్ కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అనుమానమొస్తే ఏబీజీ (ధమని రక్త పరీక్ష) అడుగు. అలాంటివాళ్లలో మోకాలి మచ్చలు కూడా సరిగ్గా కనపడవు, చేత్తో తాకి చల్లగా ఉందేమో చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రాత్రి వేలి కొన నొక్కి చూశాను, 5 సెకన్లు పట్టింది. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను, వచ్చి ఎకో (గుండె స్కాన్) చేస్తున్నారు. మచ్చలు ఎంత ఉన్నాయో చార్ట్‌లో ఎలా రాయాలి?

జవాబు (క్రిటికల్ కేర్ డాక్టర్):
0 నుంచి 5 వరకు స్కోరు రాయండి. మచ్చలు లేకపోతే 0, మోకాలి మధ్యలో నాణెమంత ఉంటే 1, మోకాలి చిప్ప పై అంచు దాటకపోతే 2, తొడ మధ్య దాకా 3, గజ్జల మడత దాకా 4, అది కూడా దాటితే 5. వేలి కొన పరీక్షను అరగంటకోసారి అదే వేలి మీద చేసి, పక్కనే టైమ్ వేయండి. ఎకోలో ఏం తేలిందో ఇక్కడ చెప్పండి, తర్వాత ఏం చూడాలో మాట్లాడుకుందాం.