అమ్మ పళ్లకి 41 వేల ఎస్టిమేట్: విశాఖలో ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

గాజువాక_జంక్షన్:
అమ్మకి 61 ఏళ్లు, సుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. క్లినిక్‌లో రాసిచ్చిన చీటీ: 36వ నంబరు పన్నుకి రూట్ కెనాల్, దానిపై పన్ను రంగులో ఉండే జిర్కోనియా క్యాప్. 46 చాలా ఏళ్ల క్రితమే తీయించేశాం, ఆ ఖాళీలో మూడు పళ్ల బ్రిడ్జి (పక్క పళ్లకి కలిపి బిగించే కట్టుడు పన్ను), అదీ జిర్కోనియానే. ఇవి కాక క్లీనింగ్. అన్నీ కలిపి 41,000, విడి రేట్లు రాయలేదు. మా చేతిలో ఉన్నది 18 వేలు. 36 రాత్రిళ్లు సలుపుతోంది కాబట్టి ఎక్కువ రోజులు ఆగలేం. కాలేజీ ఆసుపత్రుల్ని నమ్మొచ్చా? పీకించేస్తే సరిపోతుంది కదా అని మా మావయ్య అంటున్నారు.

దవడ_పన్ను:
ముందు ఆ చీటీని ముక్కలు చేయించండి. రూట్ కెనాల్‌కి ఎంత, లోపల కట్టే ఫిల్లింగ్‌కి ఎంత, క్యాప్‌కి ఎంత, బ్రిడ్జి పన్నుకి ఎంత చొప్పున, క్లీనింగ్‌కి ఎంత, అన్నీ విడివిడిగా రాయమనండి. ఎక్స్‌రే కాపీ కూడా తీసుకోండి, ఫోన్‌కి పంపించమన్నా పంపిస్తారు. అది చేతిలో ఉంటే ఇంకో డాక్టర్ దగ్గర మళ్లీ తీయించే పని తప్పొచ్చు.

ఆ నంబర్లలో మొదటి అంకె పైనో కిందో, ఏ వైపో చెబుతుంది, రెండోది నడిమి నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 36 అంటే కింద ఎడమవైపు ఆరో పన్ను, నమిలేటప్పుడు భారం బాగా పడేది. 46 దాని జోడీ, కుడివైపుది. అది ఇప్పటికే లేదు. 36 కూడా పీకించేస్తే రెండువైపులా నమలడానికి ముఖ్యమైన పన్ను ఉండదు. పీకించడం ఇవాళ చవకే. కానీ తర్వాత ఆ ఖాళీ నింపాలంటే రూట్ కెనాల్, క్యాప్ కలిపినదానికంటే ఎక్కువే పడుతుంది. మావయ్య గారికి ఆ లెక్క చెప్పండి.

మీ మూడు పనుల్లో తొందర ఉన్నది 36 ఒక్కటే. క్లీనింగ్ దాని వెనకే. సుగర్ ఉన్నవాళ్లకి గార పేరుకుంటే చిగుళ్లు త్వరగా దెబ్బతింటాయి, చిగుళ్ల జబ్బు ముదిరితే సుగర్ కూడా సరిగ్గా అదుపులోకి రాదు. బ్రిడ్జి ఆగుతుంది. 46 పోయి ఏళ్లయింది కాబట్టి పక్క పళ్లు కాస్త ఒరిగి, పైపన్ను కిందికి దిగి ఉండొచ్చు. అలా ఉంటే బ్రిడ్జి రేటూ, పద్ధతీ రెండూ మారతాయి. పైగా బ్రిడ్జి కోసం పక్కనున్న 45, 47 రెండింటినీ అరగదీయాలి. అవి పుచ్చు లేని పళ్లయితే ఆ నిర్ణయం తీరిగ్గా తీసుకోండి. ఒక్క పన్ను ఖాళీని అలాగే వదిలేసి నడిపించేవాళ్లూ ఉన్నారు, అదీ ఒక దారే.

తగ్గించకూడనిది రూట్ కెనాల్ లోపలి పని. ఆ పన్నులో మామూలుగా మూడు కాలువలు ఉంటాయి, కొందరికి నాలుగు. ఒక కాలువ వదిలేస్తే కొన్నాళ్లకి అక్కడే చీము పట్టొచ్చు, అప్పుడు మళ్లీ మొదటి నుంచీ చేయాలి. కాబట్టి మూడు అడగండి. ఉమ్ము తగలకుండా రబ్బరు షీటు బిగించి చేస్తారా? క్రిముల్ని చంపే హైపోక్లోరైట్‌తో కడుగుతారా? చివర్లో తీసిన ఎక్స్‌రే మీకు చూపిస్తారా? ఆ ఎక్స్‌రేలో కాలువలో నింపింది తెల్లటి గీతలా వేరు కొసకి 2 మిల్లీమీటర్ల లోపు దాకా, మధ్యలో నల్ల ఖాళీలు లేకుండా కనిపించాలి. కొస దాటి బయటికి పోయినా మంచిది కాదు.

తగ్గించదగ్గది క్యాప్. 36 నవ్వితే కనపడే పన్ను కాదు. అక్కడ పూర్తి లోహపు క్యాప్ నిక్షేపంగా పనిచేస్తుంది, పింగాణీ ఊడుతుందన్న భయం లేదు, పన్నుని తక్కువ అరగదీస్తే చాలు, రేటూ తక్కువ. గిల్టు నగలు పెట్టుకుంటే ఒళ్లు దురద పెట్టేవాళ్లు మాత్రం నికెల్ లేని మిశ్రమం అడగాలి. క్యాప్ అసలే వద్దనుకోవద్దు. నరం తీసిన దవడ పన్ను తొడుగు లేకుండా వదిలితే నిలువుగా చీలిపోవచ్చు. వేరు దాకా చీలితే పీకడం తప్ప దారి లేదు, పెట్టిన డబ్బంతా పోయినట్టే.

బీచ్_రోడ్డు_బస్సు:
కాలేజీల సంగతి. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉన్నాయి. గాజువాక నుంచి రెండూ ఊరికి ఆ చివరే. అందుకే రానుపోను ఖర్చు, తోడు వచ్చేవాళ్ల రోజు కూలీ కూడా లెక్కలో వేయండి. రూట్ కెనాల్‌కి మూడు సిట్టింగులు, క్యాప్‌కి ఇంకో రెండు అనుకుంటే ఐదు రోజులు పోతాయి.

వెళ్లే పద్ధతి: పొద్దున్నే ఓపీ కార్డు రాయించుకుంటే ముందు ఓరల్ మెడిసిన్ విభాగంలో చూసి ఎక్స్‌రే రాస్తారు. అక్కడి నుంచి రూట్ కెనాల్‌కి ఎండోడాంటిక్స్‌కి, క్యాప్‌కి ప్రాస్థోడాంటిక్స్‌కి, క్లీనింగ్‌కి పెరియోడాంటిక్స్‌కి పంపిస్తారు. నేరుగా రూట్ కెనాల్ గదికి పోతే వెనక్కి పంపిస్తారు.

నమ్మకం గురించి: చేసేది విద్యార్థే, కానీ మధ్యమధ్యలో లెక్చరర్ వచ్చి చూసి, సరేనంటేనే తర్వాతి అడుగు. అందుకే ఆలస్యం. దవడ పన్ను రూట్ కెనాల్‌కి పీజీ విద్యార్థిని అడగండి. హౌస్ సర్జన్ల చేత క్లీనింగ్, చిన్న ఫిల్లింగులు చేయించుకోవచ్చు. పరీక్షల రోజుల్లో, సెలవుల్లో సిట్టింగుల మధ్య గ్యాప్ పెరుగుతుంది. అసలు తంటా అక్కడే వస్తుంది. సిట్టింగుల మధ్య పెట్టేది తాత్కాలిక సిమెంటు, నెలల తరబడి ఆగేది కాదు. అది ఊడినా, కుంగినా ఉమ్ము లోపలికి దిగి కడిగిందంతా వృథా అవుతుంది. ఊడితే తర్వాతి తేదీ దాకా ఆగకుండా మర్నాడే వెళ్లండి. మొదటిరోజే తర్వాతి తేదీలన్నీ కార్డు మీద రాయించుకోండి.

పీకడం, క్లీనింగ్, మామూలు ఫిల్లింగ్ వరకే అయితే ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో దంత విభాగం మీకు వీటికంటే దగ్గర. అంత దూరం పోనక్కర్లేదు.

సుగర్ ఉంది కాబట్టి ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్లాలి. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సుగర్ సగటు) రిపోర్టు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు ఉంటే సొంతంగా ఆపకుండా డాక్టర్‌కి చెప్పండి.

చీటీ_లెక్క:
డబ్బు వైపు నుంచి కొన్ని.

మామూలు ఆరోగ్య బీమాలో ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్లకి ఇవ్వరు. మీరు ఉద్యోగం చేస్తూ జీతం నెలకి 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ కార్డులో మీ మీద ఆధారపడిన అమ్మ పేరు ఉందో లేదో చూడండి. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు పక్కనే. ఇంట్లో ఎవరైనా స్టీల్ ప్లాంటు, రైల్వే, పోర్టు, నేవీ వాళ్లుంటే వాళ్ల ఆసుపత్రిలో ముందు అడగండి. జేబులోంచి డబ్బు తీసేది ఆ తర్వాతే.

రూట్ కెనాల్, క్యాప్, క్లీనింగ్‌లాంటి వైద్యానికి క్లినిక్‌లో జీఎస్టీ ఉండదు. అందం కోసం తెల్లబరచడంలాంటివి వేరు. బిల్లులో 18 శాతం కలిపితే ఎందుకో అడగండి.

అమ్మకి 60 దాటాయి కాబట్టి ఇంకో సంగతి. ఆమె పేరు మీద ఆరోగ్య బీమా లేకపోయి, మీరు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, ఆమె వైద్యానికి పెట్టిన ఖర్చుని పన్ను మినహాయింపు కింద 50,000 దాకా చూపించుకోవచ్చు. నగదుగా కడితే పనికిరాదు. ఫోన్ పేనో కార్డో వాడి, రసీదు తీసుకోండి. మీకున్న బీమాలో ఆమె కూడా ఉంటే ఇది వర్తించదు.

చీటీ మీద డాక్టర్ పేరు పక్కన బీడీఎస్ లేదా ఎండీఎస్, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సంతల్లో, వీధి చివర చవగ్గా కట్టుడు పన్ను పెడతామనేవాళ్లు పక్క పళ్లకి తీగ చుట్టి ప్లాస్టిక్ పోసి అతికిస్తారు. దాని కింద కడగడానికి వీలుండదు, ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లు కదిలిపోతాయి.

గాజువాక_జంక్షన్:
అందరికీ థాంక్సండీ. క్లినిక్ వాళ్లని అడిగితే విడి రేట్లు ఇచ్చారు. లోహపు క్యాప్‌తో, బ్రిడ్జి పక్కనపెడితే మా లెక్కలోకే వస్తోంది. రెండు అనుమానాలు. సిట్టింగ్ దొరికేలోపు సలుపుకి ఏం చేయాలి? అమ్మ అడ్డపొగ తాగుతుంది (చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని), మా ఊళ్లో అమ్మమ్మ వయసు వాళ్లంతా అంతే. దానికీ పళ్లకీ సంబంధం ఉందా?

దవడ_పన్ను:
సలుపుకి పారాసెటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో వేయండి. సుగర్ మనిషి కాబట్టి కిడ్నీ సంగతి తెలియకుండా డైక్లోఫెనాక్‌లాంటివి వద్దు. లవంగ నూనె దూదికి అద్ది పుచ్చులో పెట్టొచ్చు, చిగురుకి తగిలితే కాలుతుంది. మాత్ర నలిపి పన్ను మీద పెట్టడం అసలు వద్దు. షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనొద్దు, పన్ను లోపల నరం చచ్చిన చోటికి ఆ మందు చేరదు. దవడ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా సిట్టింగ్ తేదీ కోసం చూడకుండా ఆ రోజే వెళ్లండి.

అడ్డపొగ విషయం పన్ను కంటే ముందు చూపించాల్సింది. మండే కొస నోట్లో ఉంటుంది కాబట్టి వేడంతా అంగిటి మీద పడుతుంది. అంగిట్లో తెల్ల మచ్చలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు తరచూ కనపడతాయి. ఈ అలవాటున్న వాళ్లలో అంగిటి క్యాన్సర్ ఎక్కువ, మన కోస్తా ఊళ్లలో దీనిమీద పరిశోధనలూ జరిగాయి. ఫోన్ టార్చ్ వేసి మీరే ఒకసారి చూడండి. ఎర్రగా చెక్కుకుపోయినట్టున్నా, పుండు రెండు వారాలైనా మానకపోయినా ఓరల్ మెడిసిన్‌లో చూపించి, చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలంటే కాదనొద్దు. అవసరమైతే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గర. మచ్చలేం కనపడకపోయినా, పళ్లు చూపించడానికి వెళ్లిన రోజే అంగిటి సంగతి కూడా కార్డు మీద రాయించండి. పొగ గురించి వాళ్లు అడిగేదాకా ఆగకండి, అమ్మ తనంతట తాను చెప్పదు.