విజయనగరంతో ఆడేటప్పుడు దండయాత్ర మేలా, రాయబారం మేలా?

మారతహళ్ళి_మంత్రి:
బెంగళూరులో మా ఆఫీసు మిత్రులం వారాంతాల్లో యూరోపా యూనివర్సాలిస్ 4 అనే, రాజ్యాలను నడిపే కంప్యూటర్ ఆట ఆడుతుంటాము. 1444 నవంబరు 11న మొదలయ్యే ఈ ఆటలో నేను విజయనగరాన్ని ఎంచుకొని, బహమనీలను ఓడించిన ప్రతిసారీ సంధిలో దొరికినంత భూమి తీసుకుంటాను. రెండో యుద్ధం ముగిసేసరికి మాళవ, గుజరాత్ సహా ఇరుగుపొరుగు రాజ్యాలన్నీ నాపై కూటమి కడుతున్నాయి. పోనీ రాయబారాన్ని నమ్ముకుందామంటే ఏళ్ళ తరబడి చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తుందేమోనన్న సందేహం ఉంది. అనుభవజ్ఞులు ఏమంటారు?

జయనగర్_సామంతుడు:
చేతులు ముడుచుకోవలసిన అవసరం లేదండీ. మీరు భూమి తీసుకున్నప్పుడల్లా అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్, అంటే మీ ఆక్రమణపై ఇతర రాజ్యాల ఆగ్రహాన్ని కొలిచే అంకె, పెరుగుతుంది; ఓడినవారి మతమో సంస్కృతో పంచుకునే రాజ్యాలలో అది మరింత పెరిగి, యాభై దాటిన రాజ్యం కూటమిలో చేరగలుగుతుంది. దానికి బదులు, శత్రువు మింగిన పాత రాజ్యమొకదాన్ని సామంతరాజ్యంగా నిలబెట్టి, దాని పూర్వపు ప్రాంతాలను తిరిగి ఇప్పించేందుకే యుద్ధం చేస్తే ఆ ఆగ్రహం చాలా తక్కువగా ఉంటుంది. పదేళ్ళు గడిచాక, ఆ సామంతుడికి మీపై సదభిప్రాయం తగినంతగా ఉంటే, డిప్లొమాటిక్ పాయింట్లు ఖర్చు పెట్టి విలీనం చేసుకోవచ్చు. అయితే సామంతులను మరీ ఎక్కువగా పోగుచేస్తే వారిలో స్వాతంత్ర్య కాంక్ష పెరుగుతుంది, ఇదొక్కటే తలనొప్పి. ఇంకొక కిటుకు: మీతో సంధి గడువులో ఉన్న రాజ్యం కూటమిలో చేరలేదు కనుక, యుద్ధాలకు వరుస ఒకటి ఏర్పరచుకోండి.

రాయచూరు_దారి:
చరిత్ర కూడా పై సమాధానానికే మొగ్గు చూపుతుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై గెలిచాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భూమిని తిరిగి ఇచ్చివేసి, గజపతి కుమార్తెను వివాహమాడి ఆ సరిహద్దును చల్లబరచారు. ఆ తరువాతే 1520లో రాయచూరుపై పూర్తి బలంతో పోరాడగలిగారు. ఆటలో ఇంత ఔదార్యం చూపే ఆటగాడిని నేను ఇంతవరకు చూడలేదు. మనం కూర్చొని ఆడుతున్న ఈ బెంగళూరును నిర్మించిన కెంపేగౌడ కూడా విజయనగర సామంతుడే కదా!

చెన్నై_దుర్గాధిపతి:
మీ ఇద్దరితో పాక్షికంగానే ఏకీభవిస్తాను. ఈ ఆట భూమిని లెక్కపెడుతుంది గానీ, జోక్యాన్ని లెక్కపెట్టదు. అళియ రామరాయలు ఏళ్ళ తరబడి ఒక సుల్తానును మరొకరిపైకి ఉసిగొల్పుతూ దక్కను రాజకీయాలను నడిపారు. ఆట లెక్క ప్రకారం అది చవకైన, తెలివైన రాయబారమే. అయినా అహ్మద్‌నగర్, బిజాపూర్ వియ్యమందుకొని, గోల్కొండ, బీదరులతో కలిసి 1565లో రాక్షసి తంగడి వద్ద ఆయనను హతమార్చాయి. భూమి పోయిందన్న కోపంతో పాటు అవమానం కూడా ఆ కూటమిని కట్టిందని నా నమ్మకం. ఆటలో అవమానం కొన్నేళ్ళకు కరిగిపోయే ఒక అంకె మాత్రమే, కాబట్టి మంత్రిగారు నిశ్చింతగా సామంతుల మార్గంలో ఆడవచ్చు; కానీ అక్కడ గెలిచిన పద్ధతే దక్కనులోనూ గెలిచి ఉండేదని మాత్రం నేను ఒప్పుకోను.