హనుమకొండ పెరటి కొలనులో కోయి చేపలకు జబ్బు: లోపం నీటిదా, పురుగులదా?

ప్రశ్న: పెరటికొలను (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక నాలుగేళ్ల కిందట కట్టించిన సిమెంటు తొట్టిలో కోయి చేపలను పెంచుతున్నాము. తొట్టి పొడవు 10 అడుగులు, వెడల్పు 8, లోతు 4. అంటే సుమారు 9,000 లీటర్లు. నీళ్లు బోరువి, వేసవిలో చాలనప్పుడు నల్లా నీళ్లు కూడా కలుపుతాము. స్పాంజి వడపోత, చిన్న జలపాతం ఉన్నాయి.

రోహిణి కార్తెలో హైదరాబాదు నుండి మూడు చిన్న కోయి చేపలను తెచ్చి, ఆ సాయంత్రమే పాత ఎనిమిదింటితో కలిపి వదిలాను. మృగశిర మొదట్లో కురిసిన పెద్ద వానకు నీటి వేడి ఒక్క రాత్రిలో 32 డిగ్రీల నుండి 27కు పడిపోయింది. వారం తిరగకముందే చేపలు గోడకు ఒళ్లు రుద్దుకోవడం, ఉన్నట్టుండి పక్కకు వాలి మెరుపులా దూసుకుపోవడం మొదలైంది. నీళ్లు మురికి అయ్యాయేమో అనుకుని స్పాంజిలన్నింటినీ నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేవరకు పిండి కడిగాను. మూడో రోజుకు చేపలన్నీ జలపాతం కిందకు చేరి, రెక్కలు ఒంటికి అంటించుకుని, నోళ్లు పైకెత్తి నిలబడ్డాయి. ఒక కొత్త చేప, దాని వెనుకే మేము మొదట తెచ్చుకున్న ఎర్ర మచ్చల తెల్ల చేప చనిపోయాయి. మా అమ్మాయి రోజూ దాని నోటికి మేత అందించేది. మరో చేపకు వెన్ను రెక్క మొదట్లో రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు పడింది.

సాయంత్రం 5 గంటలకు పరీక్షిస్తే పీహెచ్ 8.5, అమ్మోనియా 1, నైట్రైట్ 0.25 చూపింది. ఒకరు నీలం మందు పోయమంటున్నారు, ఒకరు టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి కలపమంటున్నారు, మా ఊరి నుండి వచ్చిన బంధువొకరు మేకల గోమార్ల మందు నాలుగు చుక్కలు చాలన్నారు. మిగిలిన తొమ్మిదింటిని కాపాడుకోవడానికి ముందు ఏమి చేయాలో దయచేసి చెప్పండి.

జవాబు: చెరువుగట్టు (కరీంనగర్)

నమస్కారమండీ. నేను మత్స్యశాస్త్రం చదువుకుని చేపపిల్లల కేంద్రంలో పనిచేస్తున్నాను. కోయి అంటే మన చెరువుల్లో పెరిగే బంగారు తీగ జాతిలోనే రంగుల కోసం పెంచిన రకం కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ఆ ముగ్గురు చెప్పిన మందుల్లో ఏదీ ఈరోజు వేయకండి. మీ దగ్గర రెండు జబ్బులు ఒకదానిమీద ఒకటి పడ్డాయని నాకు అనిపిస్తోంది.

మొదటిది నీటిది. స్పాంజిలో పేరుకున్న గోధుమరంగు జిగురులోనే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉంటుంది. నల్లా నీటిలోని క్లోరిన్‌తో కడిగినప్పుడు అది చనిపోయింది. మళ్లీ పూర్తిగా కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మీ పరీక్షలో కనిపించిన 1 అనే అంకె మొత్తం అమ్మోనియాది. అందులో చేపకు విషమయ్యే భాగం ఎంతన్నది పీహెచ్‌ను, వేడిని బట్టి మారుతుంది: 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.5 ఉంటే నలభయ్యో వంతు, 8.5 ఉంటే ఐదో వంతు. అంటే మీ చేపలు సాయంత్రం పూట లీటరుకు 0.2 మిల్లీగ్రాముల విషంలో ఈదుతున్నాయి, అది 0.02 దాటకుండా చూసుకోవాలి. దీనికి తోడు వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 దగ్గర ఏడున్నరకు మించి పట్టదు. చేపలు జలపాతం కిందకు చేరడానికి ఇదీ ఒక కారణమే.

కాబట్టి ఈ పూట నుండి మేత పూర్తిగా ఆపండి. మీ చేపలు వారం పస్తున్నా ఏమీ కావు. రోజూ మూడో వంతు నీరు మార్చండి. నల్లా నీరైతే హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపి క్లోరిన్ పోగొట్టాకే పోయండి. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి దాన్ని ఎత్తు నుండి జల్లులా పడనివ్వండి. గాలి పంపు రాత్రంతా నడవాలి, కరెంటు పోతే ఇన్వర్టరు మీదకు మారేలా చూసుకోండి. నైట్రైట్ కనిపించింది కాబట్టి వెయ్యి లీటర్లకు ఒక కిలో చొప్పున దొడ్డుప్పు బకెట్టులో కరిగించి, రోజంతా కొద్దికొద్దిగా పోయండి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. వడపోతలో జియొలైట్ సంచి ఉంటే ఉప్పు వేయకముందే తీసేయండి, ఎందుకంటే అది అంతవరకు పట్టి ఉంచిన అమ్మోనియాను ఉప్పు తగలగానే తిరిగి నీటిలోకి వదులుతుంది.

ఇక రెండోది. ఒళ్లు రుద్దుకోవడం స్పాంజిలు కడగడానికి ముందే మొదలైందని మీరే రాశారు. విడిగా ఉంచకుండా కలిపిన కొత్త చేపలతో పురుగులు వచ్చి ఉంటాయి. అవి ఏవో సూక్ష్మదర్శినిలో చూసేవరకు మందు జోలికి పోకూడదు, ఎందుకంటే ఒక పురుగును చంపేది మరొకదాన్ని ఏమీ చేయదు. బతికున్న చేపను తడి చేతులతో పట్టి, గాజు పలక అంచుతో మొప్ప వెనుక నుండి తోక వైపుకు, పొలుసుల వాలు వెంట మెల్లగా గీకండి. వచ్చిన జిగురుకు తొట్టి నీరే ఒక చుక్క కలిపి వెంటనే చూడాలి. చనిపోయిన చేప మీద వెతికితే లాభం లేదు, పురుగులు దాన్ని త్వరగా వదిలిపోతాయి. మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. లేదా దగ్గరలోని డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో అడిగి చూడండి.

మరొక్క మాట: 4 అడుగులు గోడ ఎత్తా, నీటి లోతా?

జవాబు: ఎర్రమచ్చ (మంచిర్యాల)

పై మాటలకు నా అనుభవం జోడిస్తాను. రెండేళ్ల కిందట మా చేపలు ఇలాగే రుద్దుకుంటుంటే, ఒక దుకాణదారు చెప్పగా పొటాషియం పర్మాంగనేట్‌ను చిటికెలతో కొలిచి వేశాను. లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే వెయ్యి లీటర్లకు 2 గ్రాములు దాని కొలత అని, పీహెచ్ ఎక్కువ ఉన్న నీటిలో అది మొప్పల మీద గోధుమరంగు పొరగా పేరుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. తెల్లవారేసరికి ఆరు చేపలు పోయాయి. ఆ బాధ మీకు రాకూడదు. గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. గోమార్ల మందును మాత్రం ఇంట్లోంచే తీసేయండి. అలాంటి మందుల్లో ఉండే డెల్టామెత్రిన్ వంటివి చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. టెట్రాసైక్లిన్ నీటిలో కలిపితే పుండు మానకపోగా, వడపోతలో ఇప్పుడిప్పుడే పుట్టే బాక్టీరియాను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు: పెరటికొలను (హనుమకొండ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. 4 అడుగులు గోడ ఎత్తేనండీ. నీరు మూడున్నర అడుగులే ఉంది. లెక్క సరిచేస్తే 7,900 లీటర్లు వచ్చింది. జియొలైట్ తీసేసి, 8 కిలోల ఉప్పు వేశాను. నాలుగు రోజులు నీరు మార్చాక అమ్మోనియా 0.25కు దిగింది, చేపలు జలపాతం వదిలి తిరుగుతున్నాయి, కానీ రుద్దుకోవడం ఆగలేదు.

నిన్న జంతుశాస్త్రం బోధించే మిత్రుడు సూక్ష్మదర్శినిని ఇంటికే తెచ్చాడు. పుండు లేని చేప జిగురులో కూడా జలగలా సాగుతూ ముడుచుకుంటూ కదిలే సన్నని పురుగులు, ఒక్కో చూపులో ఏడెనిమిది కనిపించాయి. తోక చివర రెండు పెద్ద కొక్కేలున్నాయి. తల వైపు నల్ల చుక్కలేవీ లేవు. విచిత్రమేమిటంటే పురుగు నడిమి భాగంలో, లోపల, అలాంటివే మరో జత కొక్కేలు స్పష్టంగా కనిపించాయి. మొప్పల నుండి తీయడానికి మాకు ధైర్యం చాలలేదు.

జవాబు: చెరువుగట్టు (కరీంనగర్)

చాలా బాగా చూశారు. అది గైరోడాక్టిలస్ అనే చర్మపు పురుగు. లోపల కనిపించిన కొక్కేలు దాని కడుపులోని పిల్లవి; ఇది గుడ్లు పెట్టకుండా పిల్లనే కంటుంది కాబట్టి అంత వేగంగా పెరిగింది. మొప్పలను పట్టే డాక్టిలోగైరస్‌కైతే తల దగ్గర నాలుగు నల్ల చుక్కలుంటాయి, అది గుడ్లు పెడుతుంది.

రెండింటికీ ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది. లీటరుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున మీ తొట్టికి 20 గ్రాములు తూచండి. అది నీటిలో సులభంగా కరగదు కాబట్టి మెత్తగా నూరి, కొద్ది నీటితో మిక్సీలో తిప్పి, తొట్టి అంతటా చల్లండి. ఆ మిక్సీ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. వడపోతలో బొగ్గు ఉంటే తీయండి, అతినీలలోహిత దీపం ఉంటే ఆపండి. మొప్పలు చూడలేదు కాబట్టి అక్కడ గుడ్లు పెట్టే రకం ఉందనే అనుకుని, వారం తరువాత కొంత నీరు మార్చి అదే మోతాదు మరోసారి వేయండి. మందు గుడ్లను చంపదు, వాటి నుండి వచ్చిన పిల్లలను చంపుతుంది.

పుండున్న చేపను తడి గుడ్డ మీద పడుకోబెట్టి, కళ్లు కప్పి, పుండును దూదితో తుడిచి పోవిడోన్ అయోడిన్ అద్దండి. చుక్క కూడా మొప్పల్లోకి పోకూడదు. పుండు లోతుకు పోయినా, పొలుసులు నిక్కబొడుచుకున్నా పశువైద్యుని చేత సూది మందు వేయించవలసిందే.

ప్రశ్న అడిగినవారు: పెరటికొలను (హనుమకొండ)

రెండో మోతాదు వేసి ఐదు రోజులయింది. మూడు చేపల జిగురు మళ్లీ చూశాము, ఒక్క పురుగు కూడా లేదు. నైట్రైట్ మొన్న 1 దాకా పెరిగి ఇప్పుడు 0.25కు దిగింది. తొమ్మిదీ క్షేమంగా ఉన్నాయి. పుండు చుట్టూ తెల్లటి అంచు ఏర్పడి లోపలికి కమ్ముకుంటోంది. నిన్నటి నుండి చిటికెడు మేత వేస్తున్నాము, మా అమ్మాయి మళ్లీ గట్టు మీద కూర్చుంటోంది. ఎండకు నీరు రెండు అంగుళాలు తగ్గింది. మళ్లీ నింపేటప్పుడు ఉప్పు కలపాలా?

జవాబు: చెరువుగట్టు (కరీంనగర్)

ఆవిరైన నీటి స్థానంలో పోసేటప్పుడు కలపకండి, ఉప్పు ఆవిరి కాదు, తొట్టిలోనే ఉంటుంది. నీరు తోడి మార్చినప్పుడు మాత్రం, తోడిన ప్రతి వెయ్యి లీటర్లకు ఒక కిలో చొప్పున, నైట్రైట్ సున్నాకు వచ్చేవరకు కలపండి. మేత మరో పది రోజులు రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేటంతే వేయండి. స్పాంజిలను ఇకమీదట తొట్టి నుండి తోడిన నీటిలోనే, ఒక్కోసారి ఒక్కొక్కటిగా పిండండి.