రీపర్‌లో కోరస్ ఫేడర్లన్నీ ఒకేసారి కదలాలి: గ్రూపా, ఫోల్డరా, వీసీఏనా?

పర్లాకిమిడి_భజన

రీపర్ 7 (పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్), విండోస్. భజన బృందం పాట, మొత్తం 14 ట్రాకులు: మెయిన్ గొంతు, హార్మోనియం, తాళాలు, చిడతలు ఒక్కొక్కటి, డోలక్‌కి ఎడమ కుడి మైకులు 2, తెలుగు కోరస్ 4, అదే బాణీలో ఒడియా కోరస్ 4.

కోరస్ నాలుగింటినీ గ్రూప్ చేశాను. ఇప్పుడు ఒకదాని పాన్ (శబ్దం ఎడమకా కుడికా అనేది) తిప్పితే నాలుగూ ఎడమకే పోతున్నాయి. గ్రూప్ తీసేసి ఫోల్డర్‌లో పెడితే, ఫోల్డర్ ఫేడర్ (లెవెల్ పెంచి తగ్గించే మీట) తగ్గించినప్పుడు గొంతులు తగ్గుతున్నాయి గానీ రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) అలాగే ఉండిపోతోంది. గుడి అవతల వీధిలో పాడుతున్నట్టుంది. తెలుగు, ఒడియా వెర్షన్లు మార్చాలంటే ప్రతిసారీ ఎనిమిది మ్యూట్లు నొక్కాల్సిందేనా?

గుణుపురం_మిక్స్

పాన్ సంగతి తేలిక. నాలుగూ సెలెక్ట్ చేసి షిఫ్ట్+జీ కొట్టండి. అదే గ్రూప్ నంబర్‌లో పాన్ వరస టిక్కులు తీసేసి, వాల్యూమ్‌కి మాత్రం లీడ్ (మిగతావాటిని నడిపేది), ఫాలో (వెంట నడిచేది) రెండూ ఉంచండి. రెండూ ఉంటేనే ఏ ఫేడర్ పట్టుకున్నా మిగతా మూడూ కదులుతాయి. ఒక్క గొంతునే సవరించాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి లాగండి, గ్రూప్ అంతసేపూ పట్టించుకోదు. కోరస్‌ని రెండు పక్కలకీ సమంగా విప్పాలంటే ఒక జతకి పాన్‌తో పాటు పాన్ రివర్స్ కూడా పెట్టుకోవచ్చు: ఒకటి ఎడమకి వెళ్తే రెండోది కుడికి వెళ్తుంది.

రివర్బ్ ఎందుకలా అవుతోందంటే, సెండ్లు (ట్రాక్ శబ్దం కాపీని ఇంకో ట్రాక్‌కి పంపే దారులు) ఒక్కో కోరస్ ట్రాక్ నుంచి నేరుగా బయటున్న రివర్బ్ ట్రాక్‌కి పోతున్నాయి. ఫోల్డర్ ఫేడర్ వాటి తర్వాత ఉంది. అది 6 డీబీ తగ్గినా రివర్బ్‌కి వెళ్లే సిగ్నల్ పైసా తగ్గదు. రివర్బ్ ట్రాక్‌ని కూడా ఫోల్డర్‌లోకి లాగితే సరిపోయేది, కానీ మెయిన్ గొంతు కూడా దాన్నే వాడుతుంటే అది కుదరదు. మీకు కావలసింది వీసీఏ, అంటే ఒక ట్రాక్ ఫేడర్‌తో వేరే ట్రాకుల లెవెల్‌ని నడిపే పద్ధతి.

కంట్రోల్+టీ కొట్టి ఖాళీ ట్రాక్ చేసి "తెలుగు కోరస్" అని పేరు పెట్టండి. అందులో ఆడియో అక్కర్లేదు, ఎఫెక్టులూ అక్కర్లేదు. అదొక్కటే సెలెక్ట్ చేసి షిఫ్ట్+జీ, ఖాళీగా ఉన్న కొత్త గ్రూప్ నంబర్, వీసీఏ లీడ్, మ్యూట్ లీడ్. తర్వాత నాలుగు కోరస్ ట్రాకులు, అదే నంబర్, వీసీఏ ఫాలో, మ్యూట్ ఫాలో. ఒడియాకి ఇంకో నంబర్‌తో ఇదే తంతు. వెర్షన్ మార్చడానికి ఇక రెండే నొక్కులు.

వీసీఏ ఒక్కో ట్రాక్ లెవెల్‌నే మారుస్తుంది కాబట్టి పోస్ట్-ఫేడర్ (ఫేడర్ తర్వాత తీసుకునే) సెండ్లు కూడా దాంతో పాటే తగ్గుతాయి. సెండ్ ప్రీ-ఫేడర్‌లో (ఫేడర్‌కి ముందే తీసుకునేలా) ఉంటే మాత్రం తగ్గవు, ఒకసారి చూసుకోండి. వీసీఏ ట్రాక్ పాన్ ముట్టుకోకండి.

బరంపురం_ఆడియో

పైన చెప్పింది కరెక్టే గానీ ఫోల్డర్‌ని పూర్తిగా వదిలేయకు గురూ. నాలుగు గొంతుల మీద కలిపి ఒక కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని నొక్కి తగ్గించేది) వేస్తే అది ఫోల్డర్ మీదే ఉండాలి. అక్కడే చిక్కు: కంప్రెసర్ థ్రెషోల్డ్ (నొక్కడం మొదలయ్యే లెవెల్) -18 డీబీ దగ్గర ఉందనుకో, వీసీఏ 4 డీబీ తగ్గిస్తే కంప్రెసర్‌లోకి వెళ్లేదే 4 డీబీ తగ్గుతుంది, అది నొక్కడమే మానేయొచ్చు. శబ్దం తగ్గడంతో పాటు రంగూ మారిపోతుంది. ఫోల్డర్ ఫేడర్ అయితే కంప్రెసర్ తర్వాత పనిచేస్తుంది. కంప్రెసర్ ఉంటే ఫోల్డర్, సెండ్లు ముఖ్యమైతే వీసీఏ, రెండూ కావాలంటే రివర్బ్ సెండ్‌ని ఫోల్డర్ ట్రాక్ నుంచే ఇయ్యి. నా ఓటు ఈ చివరిదానికే, ఒక్క సెండ్‌తో పని అయిపోతుంది.

డోలక్ రెండు మైకుల్నీ ఫేడర్ గ్రూప్‌లో పెట్టడమొక్కటే చాలదు. ఫేడర్ గ్రూప్‌కీ ఎడిటింగ్‌కీ సంబంధం లేదు. రెండు ఐటెమ్‌లూ (ట్రాకుల్లోని రికార్డింగ్ ముక్కలు) సెలెక్ట్ చేసి జీ నొక్కితేనే కలిసి కదులుతాయి. ఒకటి 1 మిల్లీసెకను జరిగినా 500 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడి దెబ్బ బోలుగా వినిపిస్తుంది. ఇది చాలామంది ఈక్యూతో సరిచేయబోతారు, సరికాదు.

పర్లాకిమిడి_భజన

వీసీఏ పెట్టాను, రెండూ బాగా పనిచేస్తున్నాయి అన్నా. కానీ వీసీఏ కిందకి లాగితే కోరస్ ఫేడర్లు కదలట్లేదు, శబ్దం మాత్రం తగ్గుతోంది. ఇంకోటి, ఒక కోరస్ ట్రాక్ ఫేడర్ ప్లే చేస్తుండగా లాగితే వెనక్కి ఎగిరిపోతోంది.

గుణుపురం_మిక్స్

మొదటిది అంతే. కోరస్ ఫేడర్ -5, వీసీఏ -3 అయితే బయటికొచ్చేది -8, ఫేడర్ మాత్రం -5 దగ్గరే కనబడుతుంది. ఒకే ట్రాక్ రెండు వీసీఏల కింద ఉంటే రెండూ కలుస్తాయి: -3, -2 అయితే -5. "ఈ గొంతు ఏటి ఇంత సన్నగా ఉంది" అనిపిస్తే ముందు చూడాల్సింది గ్రూప్ మ్యాట్రిక్స్ (ఏ ట్రాక్ ఏ గ్రూప్‌లో ఉందో చూపే పట్టిక).

రెండోది: ఆ ట్రాక్‌కి వాల్యూమ్ ఎన్వెలప్ (పాట సాగేకొద్దీ లెవెల్ ఎలా మారాలో గీసిన గీత) ఉంది, ఆటోమేషన్ మోడ్ రీడ్‌లో ఉంది, అంటే ఫేడర్ ఆ గీతనే అనుసరిస్తుంది. ట్రిమ్/రీడ్‌కి మార్చండి, అప్పుడు ఫేడర్ ఎన్వెలప్ పైన అదనంగా పనిచేస్తుంది. పల్లవికి, చరణానికి కోరస్ ఎత్తూ దించూ కావాలంటే ఎన్వెలప్ వీసీఏ ట్రాక్ మీదే గీయండి, నాలుగు చోట్ల గీయనక్కర్లేదు.

రాయగడ_లినక్స్

ఆర్డోర్ (రీపర్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి ఒక మాట. అక్కడ గ్రూప్ ప్రాపర్టీస్‌లో గెయిన్ కింద రిలేటివ్ అని ఒక టిక్ ఉంటుంది. అది లేకపోతే ఒక ఫేడర్ పట్టుకోగానే అన్నీ అదే లెవెల్‌కి వచ్చి కూర్చుంటాయి, కష్టపడి కుదిర్చిన బ్యాలెన్స్ పోతుంది. కంట్రోల్+జెడ్ కొట్టి, ఆ టిక్ పెట్టాకే మళ్లీ ముట్టుకోండి. వీసీఏ ఆర్డోర్‌లోనూ ఉంది, 2016లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి.