టెన్ హాగ్ హై ప్రెస్ కూలింది ఆటగాళ్ళ కాళ్ళ వల్లా, కోచింగ్ వల్లా?

లెఫ్ట్‌బ్యాక్_03:
నిన్న వేరే థ్రెడ్‌లో విశాఖ_రెడ్ అన్న "టెన్ హాగ్ ప్లాన్ మంచిదే, ఆటగాళ్ళే ఒళ్ళు వంచలేదు" అని రాశారు. అక్కడ జవాబిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా పెడుతున్నా. హై ప్రెస్ అంటే ఎదుటి టీమ్ నుంచి బంతిని వాళ్ళ గోల్ వైపే లాక్కోవడానికి మీదికి ఉరకడం. 2023-24లో కోచ్ టెన్ హాగ్ కింద మాంచెస్టర్ యునైటెడ్ ఆడిన దాన్ని నేను హై ప్రెస్ అనను. ముందున్న ఐదుగురూ బంతి మీదికి ఉరుకుతారు, వెనక నలుగురూ పెనాల్టీ బాక్స్ దగ్గరే ఉండిపోతారు, మధ్యలో అంత ఖాళీకీ మిడ్‌ఫీల్డర్ కాసెమీరో ఒక్కడే కాపలా. ముందు వరస కదిలిన క్షణంలోనే వెనక వరసలు కూడా పైకి జరిగితేనే అది ప్రెస్. ఆ దూరాలు కుదిర్చేది ట్రెయినింగ్ గ్రౌండ్‌లో, కుదర్చాల్సింది కోచ్.

సీజన్ మొదటి మ్యాచే తీసుకోండి, 2023 ఆగస్టు, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వుల్వ్స్‌తో. మన మిడ్‌ఫీల్డర్లు మౌంట్, బ్రూనో ఇద్దరూ ప్రెస్‌కి వెళ్ళిపోయారు, వాళ్ళ కూన్యా బంతి తీసుకుని మధ్యలోంచి అడ్డూ అదుపూ లేకుండా వచ్చేశాడు, అదీ మళ్ళీ మళ్ళీ. వుల్వ్స్ 23 షాట్లు కొట్టింది, మన సొంత గ్రౌండ్‌లో. వరాన్ హెడర్‌తో 1-0 గెలిచాం కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు.

విశాఖ_రెడ్:
తమ్ముడూ, ఒక్క మ్యాచ్ పట్టుకుని సీజన్ మొత్తానికి తీర్పు చెప్పకు. ఆ ఏడాది గాయాలు చూశావా? డిఫెన్స్‌లో మార్టినెజ్ చాలాకాలం లేడు, షా లేడు, మలాసియా అసలు కనిపించనే లేదు. 2024 మేలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 4-0, రాత్రి పన్నెండున్నరకి కూర్చుని చూశాను. సెంటర్‌బ్యాక్‌లు, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసేవాళ్ళు, ఎవరనుకున్నావు? కాసెమీరో, 36 ఏళ్ళ ఎవాన్స్! మాగ్వైర్ లేడు, వరాన్ లేడు, బ్రూనో కూడా లేడు. ప్యాలెస్ ఆటగాడు ఒలీజ్ కాసెమీరోని దాటేసి వెళ్ళి గోల్ కొడితే అది కోచింగ్ తప్పా? ఆ ఇద్దరినీ హాఫ్‌లైన్ దాకా ఎక్కమంటే వెనక ఉన్న ఖాళీలో ఎవరు పరిగెత్తుతారు?

లెఫ్ట్‌బ్యాక్_03:
నేనూ అదే అంటున్నానన్నా. వాళ్ళు ఎక్కలేరని తెలుసు కదా, మరి ముందువాళ్ళని ప్రెస్‌కి ఎందుకు పంపడం? సగం టీమ్ పైన, సగం టీమ్ కింద ఉంటే మధ్యలో వదిలేసిన గ్రౌండంతా ఎదుటివాళ్ళదే. పైగా వుల్వ్స్ మ్యాచ్‌లో వెనక వరాన్, మార్టినెజ్, షా ముగ్గురూ ఉన్నారు. ఆ రోజు గాయాలు లేవు, ఖాళీ మాత్రం అంతే ఉంది.

దోహా_ఆంధ్రా:
ఆ సీజన్ లీగ్‌లో 57 గోల్స్ కొట్టారు, 58 తిన్నారు, 8వ స్థానం. ఇంకేం మాట్లాడతాం.

పాత_గూనర్:
నేను మీ టీమ్ కాదు గానీ ఒకటి చెప్తా. 2024 సెప్టెంబర్‌లో టోటెనమ్ మ్యాచ్, మూడో నిమిషం. వాన్ డి వెన్ సొంత హాఫ్‌లో బంతి అందుకుని ఎడమ పక్క నుంచి మీ బాక్స్ దాకా వచ్చేశాడు. వాడొక సెంటర్‌బ్యాక్! ఎవరూ ఎదురెళ్ళలేదు, ఎవరి మనిషిని వాళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. అడ్డంగా పాస్ ఇస్తే అవతలి పోస్ట్ దగ్గర బ్రెన్నన్ జాన్సన్ ఊరికే తట్టాడు. ఇలాంటి గోల్ చూశాక ఆటగాళ్ళకి ఏం నేర్పారని అడగాలనిపిస్తుంది.

విశాఖ_రెడ్:
అది ప్రెస్‌లో పడ్డ గోల్ కాదు. రాష్‌ఫర్డ్ బంతి పోగొట్టుకున్నాడు, అక్కడి నుంచి మొదలైంది. దాన్ని ఈ చర్చలోకి తేవద్దు.

పాత_గూనర్:
బంతి పోయిన మరుక్షణం ఏం చెయ్యాలన్నది కూడా ప్రెస్‌లో భాగమే కదండీ. లివర్‌పూల్ పాత కోచ్ క్లాప్ పేరు తెచ్చుకుందే దానితో.

విశాఖ_రెడ్:
కాదు. ఎదుటి టీమ్ వెనక నుంచి ఆట కట్టేటప్పుడు చేసేది హై ప్రెస్. రాష్‌ఫర్డ్ పోగొట్టింది వేరే లెక్క. రెండూ కలపొద్దు.

లెఫ్ట్‌బ్యాక్_03:
ప్రపంచంలోనే బెస్ట్ ట్రాన్సిషన్ (బంతి చేతులు మారిన క్షణంలో ఆడే ఆట) టీమ్ అవుతామని చెప్పింది టెన్ హాగే కదా అన్నా, బంతి పోయినప్పుడు ఏం చేస్తారో చూడకుండా దాన్ని ఎలా వదిలేస్తాం? సరే, ఆ గోల్ పక్కన పెట్టండి. 2024 మార్చిలో బ్రెంట్‌ఫర్డ్ మన మీద 31 షాట్లు కొట్టింది, అక్కడ రాష్‌ఫర్డ్ ఒక్కడే పోగొట్టాడా అన్నీ?

నైట్‌డ్యూటీ:
ఆ మ్యాచ్ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి మొదలైంది. 96వ నిమిషంలో మౌంట్ గోల్ కొట్టాడని ఎగిరి గంతేశా, 99లో తినేశాం. ఆ వారమంతా చిరాకే.

విశాఖ_రెడ్:
బ్రెంట్‌ఫర్డ్ అంటే గుర్తొచ్చింది. 2022 ఆగస్టులో వాళ్ళ దగ్గరే 35 నిమిషాల్లో నాలుగు గోల్స్ తిన్నాం. మర్నాడు టెన్ హాగ్ సెలవు రద్దు చేసి, బ్రెంట్‌ఫర్డ్ వాళ్ళు మనకన్నా ఎంత ఎక్కువ పరిగెత్తారో అంతే, 13.8 కిలోమీటర్లు, అందరితో పరిగెత్తించాడు, తనూ పరిగెత్తాడు. ఆ ఓటమి తర్వాత తొమ్మిది రోజులకే లివర్‌పూల్ మీద 2-1. కోచింగ్ అంటే అదీ. ఆటగాడిలో ఆకలి ఉంటే ప్రెస్ దానంతటదే వస్తుంది.

లెఫ్ట్‌బ్యాక్_03:
లివర్‌పూల్ మీద గెలిచింది ఆ పరుగు వల్ల కాదు. రొనాల్డోని, మాగ్వైర్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు, గోల్‌కీపర్ డి హియాతో చిన్న పాస్‌లు మాన్పించి పొడుగ్గా కొట్టించాడు. ఉన్న ఆటగాళ్ళకి తగ్గట్టు ఆట మార్చాడు, ఆ ఏడాది 75 పాయింట్లతో 3వ స్థానం, డి హియాకి 17 క్లీన్ షీట్లు (గోల్ తినని మ్యాచులు). అది మంచి కోచింగే, ఒప్పుకుంటా. మరుసటి ఏడాది అదంతా వదిలేసి ప్రెస్ మొదలుపెట్టాడు, వెనకవాళ్ళని మాత్రం సిద్ధం చెయ్యలేదు.

పరుగు మాట నా దగ్గర ఎత్తకండి అన్నా. కాలేజీ టీమ్‌లో లెఫ్ట్‌బ్యాక్ ఆడేవాణ్ణి. మా కోచ్ బయట నుంచి "ప్రెస్, ప్రెస్" అని అరిచేవారు, ఎప్పుడు వెళ్ళాలో ఒక్కసారి చెప్పలేదు. నేను వింగర్ మీదికి వెళ్తే నా పక్క సెంటర్‌బ్యాక్ జరిగేవాడు కాదు, నా వెనక బంతి వేసేవారు, గోల్ పడేది. తిట్లు మాత్రం నాకే. బద్ధకస్తుడని గ్రౌండ్ చుట్టూ తిప్పించి, టోర్నమెంట్‌కి పేరు కొట్టేశారు. అప్పటి నుంచి ఎవరైనా "ఆకలి లేదు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

విశాఖ_రెడ్:
అయితే నీ పాత కోచ్ మీద కోపం టెన్ హాగ్ మీద తీర్చుకుంటున్నావన్నమాట. నేనూ సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పిస్తాను, తెలుసా నీకు? చెప్పిందే చెప్పి గొంతు పోతుంది. మూడో పరుగుకే నడుం మీద చేతులేసి నిలబడతారు. ఓడితే తల్లిదండ్రులు నా మీదికొస్తారు, వాళ్ళ అబ్బాయి పరిగెత్తాడా లేదా అని ఒక్కరూ అడగరు. మైదానం బయట కూర్చుని కోచ్‌ని తిట్టడం చాలా సులువు, ఒక నెల నిలబడి నేర్పించి చూడు.

దోహా_ఆంధ్రా:
ఇద్దరూ కాస్త తగ్గండి.

లెఫ్ట్‌బ్యాక్_03:
మిమ్మల్ని అనలేదన్నా. కానీ మన గొడవ టెన్ హాగ్ గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. ప్రెస్ అంటే శ్రమ, చెయ్యనివాడు బద్ధకస్తుడు అంటారు మీరు. అది పాఠం, నేర్పకపోతే రాదు అంటాను నేను. బ్యాక్‌పాస్ పడినప్పుడో, ఫుల్‌బ్యాక్ సైడ్‌లైన్ దగ్గర ఇరుక్కున్నప్పుడో పదిమందీ ఒకేసారి కదలడం ఆకలితో వచ్చేది కాదు. అదే సీజన్‌లో బోర్న్‌మత్ చూడండి. వాళ్ళ అప్పటి కోచ్ ఇరావోలా మొదటి తొమ్మిది లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ గెలవలేదు, అయినా అదే ప్రెస్ నేర్పుకుంటూ పోయాడు, 48 పాయింట్లతో 12వ స్థానం. వాళ్ళ ఆటగాళ్ళు యునైటెడ్ వాళ్ళకన్నా గొప్పవాళ్ళా?

విశాఖ_రెడ్:
యునైటెడ్‌లో తొమ్మిది మ్యాచులు గెలవకపోతే కోచ్‌ని తీసెయ్యమని ముందు అరిచేది నువ్వే. నేర్పడానికి టైమ్ ఎవరిచ్చారు?

లెఫ్ట్‌బ్యాక్_03:
2022 నుంచి 2024 అక్టోబర్ దాకా ఉన్నాడు. అది చాలదా? ఇంతకీ ఒకటి అడుగుతా, మీ పిల్లలతో ప్రెస్ చేయిస్తారు కదా, అప్పుడు వెనక నలుగురికీ ఏం చెప్తారు?

విశాఖ_రెడ్:
పైకి రమ్మనే చెప్తాను. రారు. వెనక బంతి పడితే గోల్‌కీపర్ బయటికి వస్తాడని వాళ్ళకి నమ్మకం లేదు.

లెఫ్ట్‌బ్యాక్_03:
మరి గోల్‌కీపర్‌ని, ఆ నలుగురినీ కలిపి విడిగా ప్రాక్టీస్ చేయిస్తారా?

విశాఖ_రెడ్:
మాకున్నది సగం గ్రౌండ్, మిగతా సగంలో క్రికెట్ ఆడతారు. ఎక్కడ చేయించమంటావు? టెన్ హాగ్‌కి ఆ ఇబ్బంది లేదు అంటావు, తెలుసు. అయినా కాసెమీరో పరిగెత్తాల్సిందే.