అప్‌డేట్: మా వాడు గేమ్ అకాడమీ నుంచి తిరిగొచ్చాడు

పదకొండో తరగతికి వెళ్లే మా అబ్బాయికి కోడింగ్ అంతంత మాత్రమే, ఆరు వారాలు ఇల్లు వదిలి ఉండగలడా అని మార్చిలో ఇక్కడ అడిగాను. చివరికి పంపాం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల నేషనల్ హైస్కూల్ గేమ్ అకాడమీకి. హైస్కూల్ పిల్లలకి వీడియో గేమ్‌లు తయారుచేయడం నేర్పే వేసవి కోర్సు అది.

కోడింగ్ గురించి నేను అనవసరంగా టెన్షన్ పడ్డాను. అక్కడ బొమ్మలు వేసేవాళ్లు, సంగీతం చేసేవాళ్లు కూడా ఉంటారు. అసలు కష్టం టీమ్‌లో వచ్చింది. వీళ్లు తమ గేమ్‌లో పన్నెండు లెవెల్స్ అనుకున్నారు, చివరికి మూడే మిగిలాయి. ఒక రాత్రి యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇద్దరు ఒకే సీన్ ఫైల్, అంటే గేమ్‌లో ఒక భాగం ఉండే ఫైల్, మార్చేశారు. రెండూ కలపబోతే ఫైలే తెరుచుకోలేదట. పదిన్నరకి ఫోన్ చేసి "నాన్నా, సగం రోజు పని పోయింది" అన్నాడు, గొంతు వణుకుతోంది. మర్నాటి నుంచి సీన్ ముట్టుకునే ముందు గ్రూపులో "నా దగ్గరుంది" అని పెట్టాలని రూల్ పెట్టుకున్నారు.

వాడు బాగా నేర్చుకున్నది మాత్రం వేరే. బయటివాళ్లు తమ గేమ్ ఆడి చూస్తుంటే వెనక నిలబడి నోరు మూసుకుని చూడాలి. "కుడివైపు వెళ్లు" అని చెప్పకూడదు. ఇంట్లో ఆ నిగ్రహం ఇంకా కనిపించలేదు లెండి.

తిండి గురించి చాలామంది అడిగారు. వాణ్ణి చూడటానికి వెళ్లిన ఆదివారం పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్లాం. 1970ల నాటి గుడి. పులిహోర మూడుసార్లు పెట్టించుకున్నాడు.